చదివి వినిపించినవారి సంతకం

ఫ్రిజ్‌లోని సీసా మూత తీసి వాసన చూసిన తర్వాత శుభ్రమ్మ తిన్నగా కుళాయి దగ్గరికి పరిగెత్తింది. మూడుసార్లు సబ్బు పెట్టి చేతులు కడుక్కుంది. ముక్కు కూడా కడుక్కుంది. ఆ తర్వాత ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ బయటికి తీసి గట్టు మీద వరసగా పేర్చి, ఒక్కొక్కదాన్నీ దొంగను చూసినట్టు చూస్తూ నిలబడింది.

"పాపం, నిమ్మరసం అనుకున్నావా?" అన్నాడు ఆమె భర్త, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటూ. బజారులో రంగుల కొట్టు ఉంది కాబట్టి అందరూ ఆయన్ని రంగులాయన అంటారు.

"అందులో ఏముందో మీ నోటితో చెప్పండి, వింటాను."

"మేస్త్రిది."

"మేస్త్రిది ఏమిటి?"

"ఉచ్చ."

"నా ఫ్రిజ్‌లో!"

"బయట పెడితే వాసనొస్తుంది కదే మరి."

మేస్త్రి అంటే కుక్క. రంగులాయన చెల్లెలికి పుట్టుకతోనే చూపు లేదు. ఏడేళ్ళుగా ఆమెను రోడ్డు దాటించేదీ, ఆస్పత్రి మెట్లెక్కించేదీ, తెరిచి ఉన్న మురుగుకాలవల పక్కనుంచి తప్పించేదీ ఆ కుక్కే. ఇంట్లో అందరికంటే పని తెలిసినవాడని ఆవిడే దానికా పేరు పెట్టుకుంది.

"ఓడలో వాడి కోసం పెట్టె నిండా చెక్కపొట్టు పోసి పెడతారే," అన్నాడు రంగులాయన, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు. "నడిసముద్రంలో చెట్టూ స్తంభమూ ఎక్కణ్ణించి వస్తాయి? ఇక్కడే అలవాటు చెయ్యాలి. వాడి వాసనే నాలుగు చుక్కలు ఆ పొట్టు మీద చల్లితే, ఓహో ఇది నా చోటే అనుకుంటాడట. శిక్షణ ఇచ్చేవాళ్ళే చెప్పారు."

"అది సీసాలోకి ఎలా వచ్చింది?"

"పట్టాను."

"దేంతో పట్టారు?"

"మగ్గుతో."

"ఏ మగ్గుతో?"

రంగులాయన ఉన్నట్టుండి గట్టు మీది గిన్నెల వరసను చాలా శ్రద్ధగా చూడసాగాడు.

శుభ్రమ్మ స్నానాలగదిలోకి వెళ్ళింది. మగ్గును కాగితంలో చుట్టి తెచ్చి చెత్తబుట్టలో పడేసింది. కాసేపు ఆలోచించి బకెట్‌ను కూడా తెచ్చి బుట్ట పక్కన పెట్టింది. పొద్దున ఆ మగ్గుతోనే కదా ముఖం కడుక్కుంది.

ఆస్పత్రిలో ఆపరేషన్ సామాన్లు ఉడికించి, మూటలు కట్టి, తేదీ వేసి పంపించే గదికి ఆమె పెద్ద. శుభ్రమ్మ అన్న పేరు అక్కడ పెట్టిందే. మొదట్లో వెటకారానికి పెట్టారు, పోనుపోను గౌరవంగా మారింది, ఇంటికి చేరేసరికి మళ్ళీ వెటకారమైంది. కుక్క తోక వంకర అని లోకమంతా ఆడిపోసుకుంటుంది గానీ, ఇరవై ఆరేళ్ళ కాపురంలో చెప్పులు గుమ్మం బయట విప్పమంటే విప్పని మొగుడి ముందు కుక్క తోక ఎంత అని ఆమె అభిప్రాయం.

తొమ్మిది రోజుల్లో ప్రయాణం. ఎక్కువ సరుకు అమ్మిన డీలర్లను రంగుల కంపెనీవాళ్ళు ఓడ మీద మూడు దేశాలు తిప్పి తీసుకొస్తున్నారు. భార్యాభర్తలిద్దరికీ పిలుపు. ఇంకొకరిని తీసుకురావచ్చంటే రంగులాయన చెల్లెలి పేరు రాశాడు. చూపు లేని మనిషి ఉంటే, ఆమెతో పనిచేసే కుక్క ఉంటే, ఓడలో పైఅంతస్తున బాల్కనీ ఉన్న పెద్ద గది ఇస్తారని ఆయనకు ముందు తెలిసి చెల్లెలి పేరు రాశాడో, రాశాక తెలిసిందో శుభ్రమ్మ ఎన్నడూ అడగలేదు. గది ఖాయమైన రోజు మాత్రం ఆయన మిగతా డీలర్లందరికీ ఫోన్ చేసి మరీ చెప్పాడు.

బాల్కనీలోంచి ఆడపడుచు గొంతు వినిపించింది. "కానియ్ మేస్త్రీ. కానియ్ నాన్నా."

ఆ గొంతు పొద్దున ఆరింటినుంచీ అదే మాట అంటోంది. ఇప్పుడు పది దాటింది.

శుభ్రమ్మ బట్టలారేసే చోట ఇప్పుడు నాలుగడుగుల చదరపు చెక్కపెట్టె ఉంది. అందులో జానెడెత్తు చెక్కపొట్టు. దాని ముందు లేత పసుపురంగు కుక్క చెవులు వేలాడేసి కూర్చుంది. నిన్న సాయంత్రం నుంచి బిగపట్టుకుని ఉంది. పెట్టె వంక చూస్తుంది, యజమానురాలి వంక చూస్తుంది, మళ్ళీ తల దించుకుంటుంది.

"కిందికి తీసుకెళ్ళరాదూ? పొట్ట పగిలేట్టుంది దానికి," అంది శుభ్రమ్మ.

"తీసుకెళ్తే ఇక్కడ ఎప్పటికీ చెయ్యడు వదినా. నాకు మాత్రం బాగుందా?" ఆడపడుచు కుక్క వీపు మీదినుంచి చెయ్యి తియ్యలేదు. నలభై ఏళ్ళ మనిషి, శుభ్రమ్మ పనిచేసే ఆస్పత్రిలోనే టెలిఫోన్ ఆపరేటరు. వేలు తగలగానే ఏ మీట ఎవరిదో చెప్పగలదు, ఊపిరి తీసిన తీరును బట్టి ఫోన్ చేసినవాడు అబద్ధమాడబోతున్నాడని కూడా చెప్పగలదు. "ఇంటి గడప లోపల ఒక్క చుక్క పడకూడదని నేర్పించి తెచ్చారు వాణ్ణి. ఆ పైన నువ్వొకదానివి. వచ్చిన మొదటిరోజు వాడి ముక్కు ముందు వేలు ఆడించి ఏమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. నా ఇంట్లో ఒక్క బొట్టు పడిందంటే నువ్వూ ఉండవు, నీ మేడమూ ఉండదు అంది. ఏడేళ్ళలో పడలేదు. శుభ్రమ్మకు కుక్కలంటే గిట్టదు. సోఫా మీద వెంట్రుకలు, నాలుక, ఆ తడి ముక్కు, ఏదీ గిట్టదు. కానీ ఇచ్చిన మాట నిలబెట్టుకున్న ప్రాణి ఈ ఇంట్లో అదొక్కటేనని ఆమె మనసులో ఒప్పుకునేది.

రంగులాయన సీసా పట్టుకొచ్చి పొట్టు మీద చల్లాడు. శుభ్రమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

ఇంకో పావుగంట గడిచాక మేస్త్రి లేచింది. వెనక కాళ్ళు వణుకుతున్నాయి. పెట్టెలోకి ఒక కాలు, ఇంకో కాలు పెట్టింది. తర్వాత చాలాసేపు ఆగకుండా పోసింది. అయిపోగానే ఎవరి వంకా చూడకుండా గోడ మూలకు పోయి, ముఖం గోడకు పెట్టుకుని నిలబడింది.

రంగులాయన చప్పట్లు కొట్టాడు. ఆడపడుచు మోకాళ్ళ మీద కూలబడి కుక్కను కావలించుకుంది. "మా నాన్నే! మా బంగారమే! ఇంక ఓడేమిటి, ఎక్కడికైనా పోతాం!"

శుభ్రమ్మకు చప్పట్లు కొట్టాలనిపించలేదు. మంచివాణ్ణి కూర్చోబెట్టి తాగించి, తాగాడని పండగ చేసుకున్నట్టుంది ఆమెకు.

"మరి అదెవరు తీస్తారు?" అని అడిగింది. ఆడపడుచు స్నానానికి వెళ్ళింది. రంగులాయన ఫోన్ మోగిందంటూ లోపలికి వెళ్ళాడు. ఆ ఫోన్ మోగిన చప్పుడు శుభ్రమ్మకైతే వినిపించలేదు.

ఆమె మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుంది. పైపైన తడిసిన పొట్టు తీసేసి ఊరుకుంటే సరిపోయేది. మొగుడైతే అదే చేసేవాడు. కానీ పైన కడిగి అడుగు వదిలేసే పని ఆమె గదిలో ఎవరైనా చేస్తే ఆరోజే ఇంటికి పంపించేది. పొట్టంతా సంచిలోకి ఎత్తింది. అడుగున పరిచిన రెగ్జిన్ గుడ్డ లాగింది. దాని కింద ప్లాస్టిక్ సంచిలో మడిచిపెట్టిన పాత పుస్తకం ఒకటి ఉంది.

మేస్త్రి ఇంజెక్షన్ల పుస్తకం. పారేశానని రంగులాయన చెప్పిన పుస్తకం.

పారెయ్యలేదు మరి. కొట్టు పెట్టిన నాటినుంచీ చిత్తుకాగితం కూడా పారేసి ఎరగడు ఆ మనిషి. భార్య చచ్చినా చెయ్యి పెట్టని చోటు వెతుక్కుని అక్కడ దాచాడు.

పోయిన బుధవారం సంగతి ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఆ పుస్తకం అట్ట కుక్క పిల్లగా ఉన్నప్పుడే నమిలేసింది. లోపల మందు మరకలు, జిడ్డు, కాగితాలకు అంటుకుపోయిన వెంట్రుకలు. "ఈ అసహ్యాన్ని పట్టుకుని పరాయి దేశం వెళ్తామా? చూసినవాడు మనల్ని కూడా కడగాలనుకుంటాడు," అంది ఆమే. మరకపడ్డ చీటీ చెల్లదు, కొత్త చీటీ రాయాలి. వాళ్ళ గదిలో అది చట్టం. ఆపరేషన్ మూట మీద చీటీ ఏమాత్రం తడిసినా చించేసి, అదే తేదీ వేసి, తిరగరాస్తారు. ఆ అలవాటుకొద్దీ కొత్త పుస్తకం తెప్పించి, తిరగరాస్తానంది.

"నువ్వు దాన్ని ముట్టుకోవద్దులే, నీకసలే రోత," అన్నాడు రంగులాయన. "నేను పట్టుకుని చదువుతాను, నువ్వు రాయి."

ఆ మాటకు ఆమె మురిసిపోయింది కూడా. ఇన్నేళ్ళకు నా రోత మీద ఈయనకు కాస్త జాలి కలిగింది అనుకుంది. ఆయన చదివాడు, ఆమె ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. ఒకచోట ఆయన ఆగాడు. "ఉండు, ఇక్కడ మరకుంది," అన్నాడు. వెలుతురు కోసం కిటికీ దగ్గరికి కూడా వెళ్ళాడు. తర్వాత చదివాడు. ఆరు నెలల కిందట ఒకే నెలలో, చిప్పు మూడో తేదీ, రేబిస్ ఇంజెక్షన్ పద్దెనిమిదో తేదీ.

ఇప్పుడా పేజీ ఆమె చేతిలో ఉంది. మిగతా పుస్తకమంతా ఎంత మురికిగా ఉందో ఆ పేజీ అంత తేటగా ఉంది. ఒక్క మరక లేదు. రేబిస్ ఇంజెక్షన్ మూడో తేదీ. చిప్పు పద్దెనిమిదో తేదీ. డాక్టరు అంటించిన మందు చీటీ కూడా అలాగే ఉంది.

వడ్లగింజంత చిప్పు. మెడ చర్మం కింద పెడతారు. ముందు చిప్పు, ఆ తర్వాతే ఇంజెక్షన్. అలా జరగకపోతే ఆ ఇంజెక్షన్ వేయించనట్టే లెక్క. మళ్ళీ వేయించాలి, రక్తపరీక్షకు పంపాలి, మూడు నెలలు ఆగాలి. ఓడవాళ్ళు పంపిన ఆ నియమాల కాగితం నెల రోజులుగా ఫ్రిజ్ తలుపుకే అంటించి ఉంది. అందులో ఆఖరి పేరా కూడా ఆమె చదివింది. కాగితాల్లో తేడా కనిపిస్తే ఆ దేశపు అధికారి జంతువును నాలుగు నెలలు బోనులో ఉంచవచ్చు, వెనక్కి పంపవచ్చు, లేదా చంపించవచ్చు.

శుభ్రమ్మ తొడుగులు తీయకుండానే ఆ పుస్తకంతో లోపలికి వెళ్ళింది.

వాషింగ్ మెషీన్ ఆన్ చేసింది. ఇంట్లో పోట్లాడుకోవాలంటే వాళ్ళకు అదే పద్ధతి. ఆడపడుచు చెవులు అలాంటివి.

"ఇదేమిటి?" అంది, పడకగది తలుపు దగ్గరికి వేసి.

రంగులాయన చూశాడు. "ఎక్కడ దొరికింది?" అన్నాడు. ఏమిటది అని మాత్రం అడగలేదు.

"దాచిన చోట."

"అక్కడ నువ్వు చెయ్యి పెడతావనుకోలేదే." ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"నాకు తారుమారు చేసి చదివారు."

"మెల్లగా. రెండు తేదీలే కదే. ఇంజెక్షన్ వేయించామా? వేయించాం. చిప్పు పెట్టించామా? పెట్టించాం. ఏది ముందో ఏది వెనకో ఆ కుక్కకేమన్నా తేడా తెలుసా?"

"ఓడ దిగిన చోట తెలుస్తుంది. ఆ గింజ నంబరు కంప్యూటర్లో కొడితే ఎప్పుడు పెట్టారో బయటికొస్తుంది."

"వెయ్యిమంది దిగుతారక్కడ. ఎవడు కొడతాడు?"

"కొడితే?"

"కొడితే అప్పుడు చూసుకుందాం."

"ఏం చూసుకుంటారు? చెప్పండి. ఏం చూసుకుంటారు?"

రంగులాయన చొక్కా మడతలు సర్దుకున్నాడు. "ఉంచుకుంటే కుక్కని ఉంచుకుంటారు గానీ, మనల్ని కాదు కదా," అన్నాడు.

ఉద్యోగంలో చేరినప్పటినుంచీ చీమూ నెత్తురూ అంటిన సామాను రోజూ చూస్తోంది శుభ్రమ్మ. కుళ్ళిన కట్లు విప్పిన గదుల్లో కూడా ముక్కు మూసుకోకుండా పనిచేసింది. ఇలా ఎన్నడూ అనిపించలేదు. ఎదురుగా నిలబడ్డ మనిషి ఒంటి మీది పౌడరు వాసన, చొక్కా ఇస్త్రీ వాసన, అన్నీ ఒక్కసారిగా అసహ్యమనిపించాయి. ఈ మనిషి పక్కన పడుకుని లేచింది. ఈ మనిషి తాగిన గ్లాసు కడిగింది.

"పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం," అంది. "మీకు బాల్కనీ గది కావాలి."

"గది కోసమే అనుకుంటున్నావా?" ఆయనకు నిజంగానే నొచ్చింది. "మా చెల్లి పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఎక్కడికైనా వెళ్ళిందా? సముద్రం చూపిస్తానని మాటిచ్చాను దానికి."

"చూపిస్తారా?"

"మాటవరసకన్నానే. ఆ గాలీ ఆ చప్పుడూ, అదీ." చెయ్యి గాలిలో ఊపాడు. "డాక్టరు దగ్గర కాంపౌండరు కూడా కొత్త పుస్తకం చూసి ముచ్చటపడి ముద్ర కొట్టేశాడు. ఎంత శుభ్రంగా రాశారండీ అన్నాడు. పేజీ తిప్పి కూడా చూడలేదు."

"మీ చెల్లితో చెప్పేస్తాను. ఇప్పుడే."

"చెప్పు. రాసిందెవరో కూడా చెప్పు." ఆయన గొంతు పెంచలేదు. అమ్మిన సరుకు వాపసు తీసుకునేది లేదని కొట్లో చెప్పినంత మామూలుగా చెప్పాడు. "ఆ పుస్తకంలో నా చేతిరాత ఒక్క అక్షరం లేదు."

వాషింగ్ మెషీన్ ఆగిపోయింది.

ముందుగదిలోంచి ఆడపడుచు పిలిచింది. "వదినా, అయిపోయిందా? ఈ కాగితం పని కూడా చూసేద్దామా?"

శుభ్రమ్మ తొడుగులు తీసి పారేసింది. చేతులు కడుక్కుంది. అద్దంలో తనను తాను చూసుకోలేదు.

ముందుగదిలో భోజనాల బల్ల మీద కాగితాలన్నీ సర్ది ఉన్నాయి. ఆడపడుచు తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, ప్రయాణం ఇవాళే అన్నట్టు కూర్చుంది. మేస్త్రి ఆమె పాదాల మీద గడ్డం ఆన్చి పడుకుంది. రేపు పది గంటలకు ఈ కాగితం రేవులోని జంతువుల ఆఫీసులో ఇవ్వాలి. అది ఇస్తేనే కుక్కకు ఓడెక్కే అనుమతి.

"చూపు లేనివాళ్ళయితే ఎవరైనా చదివి వినిపించి, కింద సంతకం పెట్టాలట వదినా. అన్నయ్య పనికిరాడట, తోడు వెళ్ళేవాళ్ళ గడిలో ఆయన సంతకం ఉంది కదా. నేను కూడా పెట్టేశాను. నీదొక్కటే మిగిలింది."

శుభ్రమ్మ కూర్చుంది. రంగులాయన వచ్చి బల్లకు అవతలి పక్కన నిలబడ్డాడు. కాగితం అంతా టైపు చేసి ఉంది. ఆయనే చేయించాడు.

"జాతి, లాబ్రడార్," అని మొదలుపెట్టింది. "రంగు, లేత పసుపు. వయసు, తొమ్మిది. పని, చూపు లేని వ్యక్తికి దారి చూపించడం."

"ఊఁ."

"చిప్పు పెట్టిన తేదీ." కాగితంలో మూడు అని ఉంది. రంగులాయన దగ్గాడు. "పద్దెనిమిది. రేబిస్ ఇంజెక్షన్ వేయించిన తేదీ, మూడు."

పైఅంతస్తులో ఎవరో కుర్చీ జరిపారు.

"సరిగ్గా చూడు వదినా," అంది ఆడపడుచు. "అటుది ఇటు చదివావు."

"కాగితంలో ఉన్నట్టు చదవలేదు. జరిగినట్టు చదివాను."

ఆడపడుచు ముఖం వదిన వైపు తిరగలేదు. అన్న దగ్గు వినిపించిన వైపు తిరిగింది. "వదినకి చెప్పనన్నావు కదన్నయ్యా?"

"నేను చెప్పలేదు చిట్టీ. అదే వెతికి పట్టుకుంది."

శుభ్రమ్మకు ఆ రెండు మాటలూ అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తప్పు ఒప్పుకోవాలని వచ్చింది తను. కాళ్ళు పట్టుకోవడానికి కూడా సిద్ధపడే వచ్చింది. ఆ మనిషి చేత తిట్లు తిందామనుకుంది.

"నీకు తెలుసా?" అంది.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"బుధవారం నుంచి. నువ్వు రాస్తున్నప్పుడు పక్కగదిలోనే ఉన్నాను. అన్నయ్య చదివిన తేదీలు వినిపించాయి. ఆ రెండు రోజులూ బల్ల మీద వాణ్ణి పట్టుకున్నది నేనే, నాకు తెలియదా? తర్వాత అన్నయ్యని అడిగాను. చెప్పాడు."

"విని ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

"ఆ ఆఖరి పేరా సంగతి..."

"నా ఫోను నాకు మూడుసార్లు చదివి వినిపించింది వదినా. ఆ ఆఖరి మాటతో సహా."

ఆడపడుచు చేతులు బల్ల మీదికి వచ్చాయి. కాగితాల అంచులు తడిమి, అప్పటికే సరిగ్గా ఉన్నవాటిని మళ్ళీ సరిచేశాయి.

"ఇరవై ఏళ్ళుగా ఆ బోర్డు ముందు కూర్చున్నాను," అంది. "ఎవరెవరినో ఎక్కడెక్కడికో కలిపాను. ఫలానా దేశం కావాలంటారు, కలుపుతాను. వాళ్ళు నవ్వుకుంటారు, నేను చెవిలోది తీసేస్తాను. నేను మాత్రం ఇల్లూ ఆస్పత్రీ, ఆస్పత్రీ ఇల్లూ. వచ్చే ఏడు మేస్త్రికి పదేళ్ళు. వాణ్ణి ఇచ్చినవాళ్ళు వచ్చి తీసుకెళ్ళిపోతారు, ఇంక వాడు పనికిరాడంటారు. ఇంకో కుక్క రావాలంటే నాలుగేళ్ళో ఐదేళ్ళో. అప్పటిదాకా నీ భుజం పట్టుకుని నడవాలి నేను. ఇంక నేను ఎక్కడికి వెళ్తాను చెప్పు? ఒక్కసారి వదినా. ఒకే ఒక్కసారి."

ఆ మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఈ మనిషి బాధ శుభ్రమ్మకు తెలుసు. ఏడేళ్ళకు ముందు ఆ చెయ్యి తన భుజం మీదే ఉండేది. ఆ బరువు తెలుసు. తను విసుక్కున్న రోజులు కూడా తెలుసు.

"వాడికేమైనా అయితే?" అంది మెల్లగా.

"ఏం కాదు. అన్నయ్య చూసుకుంటానన్నాడు."

"అయితే, అంటున్నాను."

కింద ఆడపడుచు కాలివేళ్ళు కుక్క చెవి వెనక నెమ్మదిగా గోకుతూనే ఉన్నాయి. మేస్త్రి కళ్ళు మూసుకుని హాయిగా ఒక నిట్టూర్పు విడిచింది.

"ఎలాగూ వచ్చే ఏడు నాకు ఉండడు కదా వదినా."

శుభ్రమ్మ కుర్చీ వెనక్కి జరిపి లేచింది. లేచి ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు. బల్ల చుట్టూ నాలుగడుగులు వేసి గోడ దగ్గర ఆగింది. ఫ్రిజ్‌లో సీసా చూసి కక్కుకోబోయిందే, దానికి ఇప్పుడు నవ్వొస్తోంది. అది కుక్క ఉచ్చ, అంతే. కడిగితే పోతుంది. బల్ల దగ్గరున్న ఇద్దరూ స్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని కూర్చున్నారు. తను రాసిన పుస్తకం అందరికంటే తళతళలాడుతూ మధ్యలో ఉంది. పైన పటారం, లోన లొటారం. తనూ అందులో ఒకతే. మరక ముట్టుకోనని మడి కట్టుకు కూర్చుంది కాబట్టే కదా ఇంత పని జరిగింది!

"సంతకం పెట్టు వదినా," అని ఆడపడుచు పెన్ను ముందుకు చాపింది. వదిన కూర్చున్న కుర్చీ వైపు చాపింది. ఆ కుర్చీ ఖాళీగా ఉంది. పెన్ను గాలిలో అలాగే ఉండిపోయింది.

రంగులాయన వంగి, చెల్లెలి మణికట్టు పట్టుకుని, ఎంతో ముద్దుగా ఆ చేతిని భార్య నిలబడ్డ గోడ వైపు తిప్పాడు. చెల్లెలు నవ్వింది. చిన్నప్పటినుంచీ ఆయన అలాగే తిప్పుతాడట. ఆ ముద్దు చూసి శుభ్రమ్మ తన చేతులు కొంగుకు తుడుచుకుంది.

"పెట్టవే," అన్నాడాయన. "మనింటి మాట మనింట్లోనే ఉంటుంది. ముగ్గురమే కదా."

ముగ్గురు కాదు. తన గురించే మాట్లాడుకుంటున్నారని కుక్కకు ఎలా తెలిసిందో, తోకతో నేలను రెండుసార్లు కొట్టింది.

శుభ్రమ్మ వచ్చి కూర్చుంది. పెన్ను అందుకుంది. కాగితాన్ని తన వైపుకు లాక్కుంది. రంగులాయనకు అది తలకిందులుగా కనిపిస్తోంది. భార్య చెయ్యి సంతకం గడి దగ్గర ఆనడం చూసి, బరువు దిగినవాడిలా ఊపిరి వదిలి, చెమట తుడుచుకోవడానికి జేబులో రుమాలు వెతుక్కోసాగాడు.

పెన్ను కాగితం మీద కదిలింది. ఒక వరస అయింది. రెండో వరస మొదలైంది.

ఆడపడుచు ముఖంలో నవ్వు ఆగిపోయింది. తల కొంచెం పక్కకు వంచి, ఆ గీత చప్పుడునే వింది.

"నీ సంతకం ఇంత పొడుగుండదే వదినా," అంది. "ఏం రాస్తున్నావు?"